సుగ్గికి వెళ్లిన రిపోర్టు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పొద్దున బస్సెక్కితే కిటికీ సీటు దొరికినా, దొరక్కపోయినా నాకు ఒకటే. కూర్చోగానే కళ్లు మూసుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే దారి, ఏ గుంత దగ్గర బస్సు ఎగిరిపడుతుందో కళ్లు తెరవకుండానే నా నడుముకు తెలుసు. ఇంట్లోంచి బయలుదేరేటప్పటికే మా వీధిలో మగ్గాలు మొదలై ఉంటాయి. ఆ చప్పుడు చెవుల్లో ఉండగానే ఆదోని వస్తుంది. దిగి, పత్తి మార్కెట్టు వెనక సందులో మా ల్యాబు తలుపు తీస్తాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మా వీధిలో ఎవరినైనా అడగండి, "ఆయమ్మది ఉచ్చలు సూసే ఉద్యోగం" అని ఠక్కున చెబుతారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు రాదు, ఎందుకంటే అది నిజమే. షుగరు పరీక్షలూ రక్తం లెక్కలూ మిషన్లు చేసేస్తాయి. కల్చరు మాత్రం ఇంకా మనిషి చెయ్యాల్సిందే, మా ల్యాబులో ఆ మనిషిని నేనే. రోగి మూత్రంలోనో పుండు చీములోనో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూడటం, అది ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో తేల్చడం నా పని.

ప్లేటు అని ఒకటుంటుంది, అరచేతిలో పట్టేంత గుండ్రటి మూత గిన్నె. అందులో గడ్డకట్టిన గంజిలాంటిది పోస్తాం. దాని మీద సూక్ష్మజీవిని పూసి, మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్లలు పెడతాం, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. ఒక రోజు వెచ్చగా ఉంచితే ప్లేటంతా తెల్లటి పొర పెరుగుతుంది. మందు పనిచేసేదైతే ఆ బిళ్ల చుట్టూ ఏమీ పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి రాస్తాను. ఖాళీ ఎంత పెద్దదైతే రోగికి అంత మంచిది.

నేను చేరిన కొత్తలో ఒక్కో ప్లేటులో ఖాళీలు ఒకదాన్నొకటి తాకేంత పెద్దగా వచ్చేవి, యాడ కొలవాలో తెలిసేది కాదు. రానురాను అవి చిన్నవయ్యాయి. కొన్ని బిళ్లల చుట్టూ అసలు రావడమే మానేశాయి. దాని గురించి పెద్దవాళ్లు మీటింగులు పెట్టుకుంటారని విన్నాను, మంచిదే. నాకు తెలిసిందల్లా స్కేలు పెట్టే పని తగ్గి, 'పనిచేయదు' అని రాసే పని పెరగడం. చెయ్యి నొప్పి మాత్రం అంతే ఉంది.

ఇక ఎర్ర గుండ్రం సంగతి. మా రిపోర్టులో ఇరవై దాకా మందుల పేర్లు వరసగా ఉంటాయి, పక్కన పనిచేస్తుంది, పనిచేయదు అని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ కాగితం తలకిందులుగా పట్టుకున్నా ఒకటే. ఉరుకుంద దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన ఒకసారి ఆ వరస మీద వేలు ఆడిస్తూ, "దీంట్లో మాది యాదమ్మా?" అని అడిగాడు. పాపం అనిపించి, బాగా పెద్ద ఖాళీ వచ్చిన మందు పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి ఇచ్చాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పటి నుంచి అందరికీ చుట్టడం మొదలుపెట్టాను. ఎర్ర పెన్ను జేబులో లేకుండా ల్యాబు కోటు వేసుకునేదాన్ని కాదు.

మా దగ్గరికి రోగులను పంపే పెద్దాసుపత్రి డాక్టరు గారు ఒకసారి అన్నారు, "గుండ్రాలు చుట్టకండి మేడమ్, మందు రాయాల్సింది నేను కదా" అని. మెత్తగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆయన రోగి ముఖం చూసేది నిమిషం, అందులో సగం ఫోనులో పోతుంది. వాళ్లకు అర్థమయ్యేలా ఒక్క గుర్తు పెట్టడం కూడా తప్పేనా అనుకున్నాను. ఊ అని తలాడించి, మరుసటి రోజు మళ్లీ చుట్టాను. ఆ మొండితనం గురించే ఇదంతా రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఆమె మొదటిసారి వచ్చింది. కోసిగి మండలంలో ఒక పల్లె, కూలి పని. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, అప్పటికే షుగరు. మూత్రంలో మంట, చలిజ్వరం. పక్కన మొగుడు, మాట తక్కువ మనిషి. ఆమెకు మాత్రం జ్వరంలో కూడా నోరు ఊరుకోదు. నేను కళ్లద్దాలు పైకెత్తి ప్లేటును కళ్ల దగ్గర పెట్టుకుంటే చూసి, "ఏమక్కా, దాంట్లో సినిమా కనపడతాందా?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ ప్లేటు ఇంకా బాగా గుర్తుంది. మామూలు సూక్ష్మజీవే, చాలా మందులకు లొంగింది. అందులో మాత్రలుగా దొరికే ఒక మందు చుట్టూ చక్కటి ఖాళీ. రిపోర్టులో దాని చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టి ఇచ్చాను. డాక్టరు గారూ అదే రాశారు. వారం తిరక్కుండా ఆమెకు తగ్గింది. తర్వాత ఒక రోజు చీరకొంగులో ఇన్ని పచ్చి సెనక్కాయలు కట్టుకొచ్చి నా టేబుల్ మీద పోసింది. "నీ గుండ్రం మంచిదక్కా" అంది. ఆ రోజు బస్సులో కళ్లు మూసుకోలేదు, సెనక్కాయలు ఒలుచుకుంటూ ఇంటికి వెళ్లాను.

ఆమె మళ్లీ కనపడింది పోయిన ఎండాకాలం మొదట్లో. కోసిగి వైపు వానలు నమ్ముకుని బతకలేరు. పంట చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి, పిల్లల్నీ వంటసామాన్లనూ తీసుకుని గుంపుగా గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ, లేకపోతే బెంగుళూరు కట్టుబడి పనులకూ పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మిరప కోతలు ఇంకా ముగియకముందే మొగుడు ఆమెను వెనక్కి తీసుకొచ్చాడు. ఆదోనిలో పెద్దాసుపత్రిలో చేర్చి, మూత్రం సీసా పట్టుకుని, ఆమెను కూడా నడిపించుకుంటూ మా ల్యాబుకు వచ్చాడు. నన్ను చూడాలని ఆమే పట్టుబట్టిందట. ఆ ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. నడుముకు రెండు పక్కలా నొప్పి అంది. అంటే జబ్బు కిడ్నీల దాకా పాకింది.

కల్చరుకు తీసుకునే ముందు ఒక ప్రశ్న అడగాలి. అడిగాను. "ఈ మధ్య ఏమైనా మందులు వాడినారా?"

"మీరు సెప్పిందే వాడినాం మేడమ్. వేరేది ఒగటి గూడ ముట్టుకోలేదు" అన్నాడు మొగుడు.

"నేనెప్పుడు చెప్పినానప్పా?"

అతను సంచిలో చెయ్యిపెట్టి ఒక ప్లాస్టిక్కు కవరు తీశాడు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, వాటి మధ్యలోంచి ఒక పెద్ద కాగితం. లామినేషన్ చేయించిన కాగితం. మూడేళ్ల కిందటి నా రిపోర్టు. కింద నా సంతకం, మధ్యలో నా ఎర్ర గుండ్రం. ప్లాస్టిక్కు కింద రంగు ఏమాత్రం వెలిసిపోలేదు, నిన్న చుట్టినట్టు ఉంది.

"ఇది సూపిస్తే యాడైనా ఇస్తారు మేడమ్" అన్నాడు. అతను అంత మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. "గుంటూరుకాడ ఇచ్చినారు, బెంగుళూరులో ఇచ్చినారు. ఒగడు గూడ లేదనలేదు."

"ఎన్ని దినాలు వాడతారు?"

"జరం దిగేదాంక. రొండు దినాలు, ఒగోసారి మూడు. మిగిలినవి దాసిపెడతాం. మళ్లొస్తే ఉండాల గదా."

బెంచీ మీద వణుకుతున్న ఆమె ముఖంలో చిన్న గర్వం కనపడింది. "నా ఒగదానికే కాదక్కా. గుంపులో అందురూ జెరాక్సు తీపిచ్చుకున్నారు. కోసిగి బస్టాండు కాడ అన్నిటికీ లామినేషన్ ఏపిచ్చినాం, తడిసిపోకుండా. దగ్గొచ్చినా అదే, కడుపునొచ్చినా అదే. నా పేరు మీద గుంపంతా బతుకుతాండాది."

నేనేమన్నానో గుర్తులేదు. అరిచి ఉంటాను, అరవడం నాకు అలవాటే. కానీ గట్టిగా అరిచినట్టు లేదు, ఎందుకంటే ఆమె నవ్వుతూనే ఉంది. వాళ్ల లెక్కలో అది విలువైన కాగితం. విలువైన కాగితానికి ప్లాస్టిక్కు వేయించుకోవడం, పోకుండా దాచుకోవడం, నలుగురికీ పంచడం, ఏ ఆఫీసు ముందు నిలబడినా వాళ్లకు నేర్పింది అదే. ఆ వారం ఆ ఒంట్లో ఉన్న ఆ ఒక్క సూక్ష్మజీవికే ఆ కాగితం చెల్లుతుందని వాళ్లకు ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి. చెప్పకుండా గుండ్రం చుట్టి ఇచ్చాను. ఆ కాగితం తీసుకుని నా సొరుగులో వేసుకున్నాను.

ప్లేటు మీద పూశాను. ఆసుపత్రిలో ఈలోగా ఏదో ఇంజక్షను మొదలుపెట్టారు, ఫలితం వచ్చేదాకా ఊరికే ఉండలేరు కదా. మరుసటి రోజుకు పెరిగింది, తడితడిగా, దట్టంగా. దాన్ని తీసి ఇంకో ప్లేటు మీద పరిచి బిళ్లలు పెట్టాను. ఆ సాయంత్రం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ప్లేట్లు వెచ్చగా ఉంచే పెట్టె చల్లారిపోతుందేమోనని జనరేటరు ఆన్ చేసేదాకా దాని పక్కనే నిలబడ్డాను. మామూలుగా ఏ రోగి కోసమూ అలా నిలబడను.

మూడో రోజు పొద్దున మూత తీశాను. బిళ్లల అంచు దాకా తెల్లటి పొర. ఒక బిళ్లో, రెండు బిళ్లలో కాదు. మాత్రలు, ఇంజక్షన్లు, ఆసుపత్రిలో ఎక్కిస్తున్న మందు, పెద్ద పెద్ద జబ్బులకు దాచుకునే మందు, అన్నిటి చుట్టూ నిండుగా పెరిగింది. స్కేలు చేతిలో ఉంది, పెట్టడానికి చోటు లేదు. నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను, నిజంగా తప్పు చేసి ఉంటే బాగుండుననుకున్నాను. బిళ్లలు పాడయ్యాయేమో అని చూసుకోవడానికి మా దగ్గర ఒక సాధు సూక్ష్మజీవి ఉంటుంది, దానికి ఏ మందుతో ఎంత ఖాళీ రావాలో ముందే తెలుసు. దాన్నీ, ఆమె ఒంట్లోంచి వచ్చినదాన్నీ పక్కపక్క ప్లేట్లలో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఇంకో రోజు పోయింది. సాధు జీవి ప్లేటులో పుస్తకంలో రాసినట్టు ఖాళీలు వచ్చాయి. ఆమె ప్లేటు మళ్లీ నిండిపోయింది.

ఈసారి కళ్లకు ఆనించి చూస్తే ఒక్క ఇంజక్షను బిళ్ల చుట్టూ మాత్రం సన్నటి ఖాళీ. కొలిచాను. పనిచేస్తుంది అని రాయడానికి ఒక్క మిల్లీమీటరు తక్కువ. స్కేలు తిప్పి ఇంకోవైపు నుంచి కొలిచాను, కళ్లద్దాలు తుడుచుకుని కొలిచాను. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం నా ప్రాణం కొట్టుకుంది. ఉన్నదే రాశాను.

డాక్టరు గారికి ఫోను చేసి చదివాను.  ఆయన విని, ఆ ఇంజక్షనే ఎక్కువ మోతాదులో ఇవ్వాలని, అది కిడ్నీల మీద పడుతుందని, ఇక్కడ వల్ల కాదు కర్నూలు పంపిస్తున్నానని చెప్పారు. గుండ్రాల మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రిపోర్టు నేనే తీసుకుని వార్డుకు వెళ్లాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, వల్ల కాలేదు. కాగితం చేతికి తీసుకుని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. చదవడానికి కాదు, ఎరుపు కోసం వెతుకుతోంది.

"గుండ్రం యాదక్కా?"

 మొగుడు నా కోటు వైపు చూపించాడు. "పెన్ను జోబీలోనే ఉండాది మేడమ్."

"ఉంది" అన్నాను. "చుట్టేదానికి మందు లేదమ్మా. ఒక ఇంజక్షను సగం పనిచేసేట్టు ఉంది. కర్నూలులో అదిస్తారు."

"సగం దానికి సగం సుట్టు" అంది. ఎగతాళికే అంది, పెదాలు ఎండిపోయి ఉన్నా ఎగతాళి పోలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. ఆ కాగితం ఎప్పటికీ పనికిరాదని ఆ రోజే చెప్పి ఉండాల్సిందని, సగం సగం వాడితే లోపల ఉన్నది ఆ మందుకు అలవాటుపడి మొండికెత్తుతుందని చెప్పాను. మూడేళ్లు ఆలస్యంగా అంతా విడమరిచి చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది, చెయ్యి కాలిపోతోంది. "నువ్వు రాసింది మంచిదే గదక్కా. అప్పుడు తగ్గింది గదా" అంది.

అంబులెన్సులో కర్నూలు తీసుకెళ్లారు. ఆ తర్వాత నెలకు పైగా ఏ కబురూ లేదు. ఫోను నంబరు రిజిస్టరులో ఉంది. రోజూ ఆ పేజీ దాకా వెళ్లేదాన్ని, చేసేదాన్ని కాదు. పిరికితనమే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టేశాను. ఎవరైనా "మాది యాది?" అని అడిగితే డాక్టరు దగ్గరికి పొమ్మని విసుక్కునేదాన్ని, వాళ్లు నొచ్చుకుని వెళ్లేవాళ్లు.

ఆమె బతికింది. ఆ ఇంజక్షనే బతికించింది. జబ్బూ, దాన్ని చంపిన ఇంజక్షనూ కలిసి కిడ్నీలను మిగల్చలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆదోనికి వచ్చి డయాలసిస్ చేయించుకుంటుంది. మిషను నుంచి లేచాక నడిచే ఓపిక ఉంటే మా ల్యాబు దాకా వస్తుంది. ముఖం నల్లబడింది, కాళ్లు వాచి ఉంటాయి. గడపలో నిలబడి, "సినిమా అయిపోయిందా అక్కా?" అంటుంది. అయిపోలేదు రా కూర్చో అంటాను. కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇవ్వలేను, ఆమె రోజంతా తాగే నీళ్లకు కొలత ఉంది. ఆమె ఉన్నంతసేపూ నేనూ తాగను.

వాళ్ల గుంపు దగ్గరున్న కాగితాల గురించి అడిగింది ఒక రోజు నేనే. అవన్నీ తెప్పించగలవా అన్నాను.  దీపావళి దాటాక, మళ్లీ సుగ్గికి బయలుదేరే రోజులు వచ్చాయి. ఒక డయాలసిస్ రోజున చీరకొంగులో ఏదో కట్టుకుని వచ్చింది. ఒక్క క్షణం సెనక్కాయలనుకున్నాను. విప్పితే ప్లాస్టిక్కు కాగితాల కట్ట. అన్నీ నా రిపోర్టే, అన్నిటి కిందా నా సంతకమే. జెరాక్సులో ఎర్ర గుండ్రం నల్లగా వచ్చింది.

"ఇయ్యమంటే యెవురిస్తారక్కా" అంది. "ఇల్లిల్లూ తిరిగినా. ఉత్తకాగితం గూడ ఇయ్యరు మావోళ్లు. పావడ ఎత్తి ఈ కాళ్లు సూపిచ్చి తెచ్చినా." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఒగటి తక్కువుంది. మా ఆడబిడ్డ కాడిది. పోయిన వారమే గుంటూరు పోయినాది, సంటిబిడ్డను ఎత్తుకోని."

ఇప్పుడే చెయ్యమన్నాను. ఆమె తన ఫోనులో నంబరు నొక్కి, స్పీకరు పెట్టి నా టేబుల్ మీద ఉంచింది. అవతల గాలి, ఎవరో కేకలు, చేలో ఉన్నట్టున్నారు.

"ఒదినా, బాగుండావా?"

"నేనుండాన్లే. ఆ మందుల కాగితం యాడుంది?"

"నా కాడే ఉండాది. నిన్న అదే ఆదుకున్నాది ఒదినా. పాపకి ఒళ్లు కాలిపోయినాది. షాపుకాడ సూపిస్తే అదే మందు, పిల్లోళ్లకు పోసే సిరప్పు ఇచ్చినాడు. రొండు తూర్లు పోసినా, సల్లబడినాది."

ఆమె కళ్లు నా వైపు తిరిగాయి. "అది సించెయ్ మే" అంది ఫోనులోకి. "నన్ను సూసైనా సించెయ్."

"అట్లంటావేంది ఒదినా? అది ఆయక్క సేతి గుర్తు గదా. యెట్ల సించేది?"

నేను ఫోను తీసుకున్నాను. "ఆ అక్కను నేనేనమ్మా. గుండ్రం చుట్టింది నేనే. అది మీ వదినకు, ఆ ఒక్క తూరికే. పాపది కాదు. పాపను ఈ పొద్దే డాక్టరు కాడికి ఎత్తుకోనిపో. ఆ కాగితం చించెయ్యి."

నా మాట మీద ఎంత గౌరవమో, వెంటనే చించబోయినట్టుంది. ప్లాస్టిక్కు కిరకిరమని చప్పుడు వినపడింది. మళ్లీ వినపడింది.

"సిరగల్యాదక్కా. లామినేషన్ గదా."

"అయితే పొయ్యిలో వెయ్యి తల్లీ" అన్నాను.

"అట్లే అక్కా" అంది, ఎంతో మర్యాదగా. "పాపకి బాగా తగ్గిపోనీ, అప్పుడు ఏస్తా."